బొట్టు మీద అంటించిన ఫిల్మ్

అమరిల్లోలో ఉండే మూర్తి అంకుల్ రిటైరైన డాక్టరు, మా కుటుంబ స్నేహితులు. చూపు మందగించి డ్రైవింగ్ మానేశాక ఇల్లులా వసతులున్న తన పెద్ద బండి, మోటార్‌హోమ్‌ని నన్ను తీసుకోమన్నారు. తీరా ఎప్పుడు రమ్మంటారని అడిగితే, "ముందు భాగంలో పెయింట్ మీదున్న పాత ఫిల్మ్ ఒలిచాక ఇస్తానమ్మా" అంటూ ఏడాదిగా నాన్చారు. అసలు ఇవ్వడం ఇష్టమేనా అని నాకు అనుమానం. తేల్చుకుందామని ఒక శనివారం వేడిగాలి కొట్టే హీట్ గన్ పట్టుకుని నేనే బయల్దేరాను.

నేనుండే ప్లేనో నుంచి విచిటా ఫాల్స్ మీదుగా సుమారు ఆరు గంటల ప్రయాణం. తిరుగు దారిలో మోటార్‌హోమ్ నడపాలి కాబట్టి అక్కడే వదిలేసే వన్‌వే రెంటల్ కారు తీసుకున్నాను. దారిలో చిల్డ్రెస్ ఊళ్ళో పెట్రోల్ నింపుకోవడం మంచిది. అది దాటాక గాలికి స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి.

భారతి ఆంటీ పెట్టిన పులిహోర తిని పనిలోకి దిగాను. రాళ్ళు తగిలి పెయింట్ చెడకుండా అంటించిన ఆ ఫిల్మ్ పచ్చబడి, ఎండిన అప్పడంలా పెళుసెక్కింది. చెయ్యి పెట్టగలిగేంత వేడి చేసి, పెయింట్‌కి ఆనించినట్టుగా నెమ్మదిగా లాగాలి. నేను తొందరపడ్డాను, ముక్కలైంది. మిగిలిన జిగురుకి జిగురు తీసే స్ప్రే ముందు ఓ మూల కొట్టి చూసి, తర్వాత మెత్తటి బట్టతో తుడిచాను. పల్చగా మిగిలినదానికి ఆంటీ కొబ్బరినూనె తెచ్చారు. "పనసకాయ కోసేప్పుడు చేతికి నూనె రాసుకోమూ? ఇదీ అంతే."

సరిగ్గా మధ్యలో, జిగురు కింద, ఎర్రటి స్వస్తిక్ కనబడింది. "అక్కడ ఆగమ్మా," అన్నారు అంకుల్.

బండి కొన్నప్పుడు పూజ చేసి ఆంటీ పెట్టిన కుంకుమ అది. ఆవిడ తుడవనివ్వకపోతే అంకుల్ దాని మీదే ఫిల్మ్ అంటించారట. ఇప్పుడు జిగురు పోవాలంటే బొట్టూ పోవాలి.

"మీ ఆంటీ ఒప్పుకోదమ్మా."

"నా మీద పెట్టకండి. మీకే మనసొప్పట్లేదు," అన్నారు ఆంటీ.

"ఒప్పట్లేదు," అని ఒప్పుకున్నారు అంకుల్.

ఆంటీ నూనె బట్ట తీసుకుని తనే తుడిచేశారు. "పాతది తీస్తేనే కదండీ కొత్తది పెట్టేది." లోపల్నుంచి కుంకుమ భరిణె తెచ్చి నా చేతికిచ్చారు. "నువ్వు పెట్టమ్మా. ఇక ఇది నీ బండి." విండ్‌షీల్డ్ మూల బొట్టు పెట్టాను.

అంకుల్ అలవాటుగా డ్రైవర్ తలుపు దగ్గరికి నడిచి, ఆగి, తాళాలు నాకిచ్చారు. చుట్టూ తిరిగి వెళ్ళి కుడి సీట్లో కూర్చున్నారు. "పాలో డ్యూరో కాన్యన్ లోయ దాకా వెళ్ళొద్దాం పద. అరగంటే."

దారంతా బ్రేక్ ఎప్పుడు వేయాలో చెబుతూనే ఉన్నారు. మామూలుగా అయితే విసుక్కునేదాన్ని. బండి ఇవ్వడం ఇష్టం లేక కాదు, దాన్ని విడవడం ఎలాగో తెలియక నాన్చారని అప్పుడర్థమైంది. స్వస్తిక్ ఉన్న చోట పెయింట్‌లో లేత ఎరుపు ఇంకా ఉంది. పాలిష్ చేస్తే పోతుందని షాపువాళ్ళు అంటున్నారు, నేను చేయించను. మీరు కొత్త బండికి పూజ చేస్తే మాత్రం కుంకుమ అద్దానికే పెట్టండి. పెయింట్ అంత తేలిగ్గా వదలదు.