రెండో దెబ్బకు పేలే తుపాకీ

"...నిపిల్స్ మార్చమన్నదీ నువ్వే, మార్చాక పేలకపోతే తప్పు నాదా?" అంటూ ఆర్విల్ రివాల్వర్‌ను పనిబల్ల మీద పెట్టాడు.

"తప్పు నీదని ఎవరన్నారు బాబాయ్? ముందు కూర్చో."

"కూర్చోను. మూడు వారాల నుంచి ఊడదీస్తున్నావు దీన్ని. పాత ట్రక్కయినా ఈపాటికి కొత్తదయ్యుండేది."

డెల్మర్ నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు తూర్పు కెంటకీ బొగ్గు గనుల్లో యంత్రాలు బాగుచేసినవాడు. గని మూతపడ్డాక ఇంటి వెనక షెడ్డులో, పాతకాలపు తుపాకులతో గురిపోటీలు పెట్టుకునే క్లబ్బు వాళ్ళ తుపాకులు బాగుచేస్తున్నాడు. అన్నీ అమెరికా అంతర్యుద్ధం నాటి రివాల్వర్లకు ఇటలీలో చేసిన నకళ్ళే. వీటికి తయారు తూటాలుండవు. సిలిండర్‌లోని ఆరు గదుల్లో మందూ సీసపు గుండూ విడివిడిగా కూరాలి. ఒక్కో గది వెనక నిపిల్ అనే చిన్న గొట్టం ఉంటుంది, దానికి రాగి టోపీ తొడగాలి. సుత్తి ఆ టోపీని కొడితే నిప్పు లోపలికి పోతుంది.

ఇదంతా నేర్పింది ఆర్విలే. చుట్టం కాదు, తండ్రి స్నేహితుడు. తండ్రి గనిలో చనిపోయిన ఏడాది, గుమ్మం దాటని డెల్మర్‌ను ట్రక్కెక్కించుకుని క్లబ్బుకు తీసుకెళ్ళాడు. అప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుపు.

ఆర్విల్ తుపాకీలో ఆరింటికి రెండు మొదటి దెబ్బకు పేలడం లేదు. రెండో దెబ్బకు పేలుతున్నాయి. డెల్మర్ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. రంధ్రాల్లో నూనె నిలిచిందేమోనని సన్నతీగ దూర్చి తుడిచాడు. సుత్తి స్ప్రింగు బిగువు చూశాడు. చివరికి నిపిల్స్ మార్చాడు. అయినా ఫిర్యాదు ఆగలేదు.

"ఇవాళ మందూ వద్దు, గుండూ వద్దు. వట్టి టోపీలు పేల్చి చూద్దాం, పద," అన్నాడు.

షెడ్డు వెనక మట్టికట్ట వైపు నిలబడి తనే ముప్ఫై టోపీలు పేల్చాడు. ముప్ఫై పేలాయి. తుపాకీ ఆర్విల్‌కిచ్చాడు. పన్నెండులో నాలుగు తప్పాయి.

"చూశావా, నీ చేతిలో నాటకాలాడుతోంది," అన్నాడు ఆర్విల్.

"ఇంకో ఆరు తొడుగు."

ఆర్విల్ ఒక్కో టోపీనీ గోళ్ళ మధ్య నొక్కి, కాస్త కోలగా చేసి తొడిగాడు. జారిపోకుండా ఉండడానికి క్లబ్బంతటికీ ఆయన నేర్పిన కిటుకు అది. తర్వాత బొటనవేలితో అదిమాడు.

"దిగాయా?"

"దిగక?"

డెల్మర్ వంగి చూశాడు. రెండు టోపీలు అడుగు దాకా దిగలేదు. నొక్కిన అంచులు నిపిల్‌ను పట్టుకోవడంతో గట్టిగానే కనిపిస్తున్నాయి. మొదటి దెబ్బ వాటిని కిందికి దించడానికే సరిపోతోంది. నేర్పినవాడి చేతిలోనే కిటుకు తప్పుతోంది.

"బాబాయ్, అటు కొండకేసి చూడు." ఆర్విల్ చెయ్యి పట్టుకుని బొటనవేలి కొసన పెన్సిల్ మొనతో గుచ్చాడు. "తెలుస్తోందా?"

"ఏది? మొదలుపెట్టు మరి."

డెల్మర్ పెన్సిల్ తీయలేదు. దాన్ని పక్కనున్న చూపుడు వేలి మీదికి జరిపాడు. ఆర్విల్ తల తిప్పి చూసుకుని చెయ్యి లాక్కున్నాడు.

"చలికాలం నుంచీ మొద్దుబారాయి. దానికేముంది? చాలామంది చెక్కపుల్లతో నొక్కుతారు, నేనూ నొక్కుతాను. తుపాకీ బాగైనట్టే కదా."

"తుపాకీ ఎప్పుడూ బాగానే ఉంది. ఆ చూపుడు వేలికి ట్రిగ్గర్ తెలుస్తుందా?"

"గిచ్చి చూసుకుంటూ కూర్చుంటామా?"

"పోయిన ఆదివారం పేలకపోతే ఏం చేశావు?"

టోపీ పేలకపోతే తుపాకీని గురి మీదే ఉంచి ముప్ఫై లెక్కపెట్టాలి. లోపల నిప్పు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆదివారం ఆర్విల్ 'చూడరా, మళ్ళీ అంతే' అంటూ తుపాకీతో సహా వెనక్కి తిరిగాడు. తుపాకీ గొట్టం ఎదురుగా, స్కోరు రాస్తున్న క్లబ్బు సభ్యురాలు ట్వైలా ఉంది. ఆమె రాతలోంచి తలెత్తలేదు. ఆరోజు కాల్చేవాళ్ళు నిలబడే లైను చూసుకునే బాధ్యత డెల్మర్‌ది. ఆర్విల్ మణికట్టు పట్టుకుని తుపాకీని గురివైపు తిప్పేశాడు, ఐదు రోజులైనా ఎవరికీ చెప్పలేదు.

"రేపు పోటీకి నా పేరుంది," అన్నాడు ఆర్విల్ మెల్లగా.

"తెలుసు. రాసింది నేనే."

"ఏమంటావు మరి?"

డెల్మర్ సిలిండర్‌లోంచి టోపీలు ఒక్కొక్కటే ఊడదీసి డబ్బాలో వేశాడు.

"రేపు నిన్ను లైను మీదకి రానివ్వను బాబాయ్. ఆదివారం సంగతి పొద్దున్నే అందరి ముందూ నేనే చెప్తాను, నేను దాచానని కూడా."