ఎగువకి నలభై అడుగులు

ఫోన్‌లో దారి చెప్పే అమ్మాయితో నాకొక పేచీ ఉంది. ఆటో దిగి నిలబడ్డ మనిషిని పట్టుకుని "నైరుతి దిశగా బయలుదేరండి" అంటుంది. నైరుతి ఎటో తెలిసినవాడికి ఆవిడతో పనేమిటి? నేను నరసరావుపేటలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు సోషల్ చెబుతున్నాను. ఆ మాట వినగానే నాక్కూడా ఒకసారి సూర్యుడి వైపు చూడాల్సి వస్తుంది.

దయ్యాలతో మాత్రం నాకు పేచీ లేదు. నమ్మితే కదా పేచీ. బడికి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు తప్ప ఈ వయసు దాకా నన్ను భయపెట్టినవాళ్లు లేరు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

మా పెద్దమ్మ మరియమ్మది కృష్ణ ఒడ్డున పుట్టిరేవు. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టిలో జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే చోటు కాబట్టి ఆ పేరు. అవతల తెలంగాణ. పిల్లనిచ్చుకోవడం అక్కడ, మిరపకాయలు అమ్ముకోవడం ఇక్కడ. చరిత్ర అంటే అంతే. ఆ ఊళ్లో యుద్ధాలు జరగలేదు, రాజులు విడిది చేయలేదు. కలెక్టరు ఒకసారి వస్తానని రాలేదు. దిగువన ప్రాజెక్టు కట్టాక ఊరు నీళ్లలోకి పోయింది. జనాన్ని ఏటికి దూరంగా, దాచేపల్లి వైపు నాపరాళ్ల నేల మీద స్కేలుతో గీసినట్టుండే కాలనీకి మార్చారు.

ఆ కాలనీ పెద్దలు, పిల్లలు మర్చిపోకముందే ఊరి చరిత్ర, భూగోళం రాసి పెట్టమని నన్ను అడిగారు. సోషల్ మాస్టారికి ఇంతకన్నా గౌరవం దొరకదు. నోట్‌బుక్ కొన్నాను. ఆదివారాలు పెద్దమ్మ దగ్గర కూర్చునేవాడిని.

పుట్టిరేవు వాళ్లకి కుడి ఎడమలు లేవు, తూర్పు పడమరలు లేవు. ఎగువ, దిగువ, ఏటి పక్క, చేల పక్క. మంచం మీద పడుకున్నవాడిని కూడా "కాస్త ఎగువకి జరుగు" అంటారు. కాలనీలో ఏరు కాదుగదా, చిన్న కాలువ కూడా లేదు. అయినా దక్షిణం వైపు ఇళ్ల వరసను ఎగువ వరస అంటారు. నీళ్లు లేని చోట ఎగువేంది పెద్దమ్మా అని నవ్వితే, "మునిగింది ఊరురా, ఎగువ మునగలా" అంది. నేను నవ్వుతూనే రాసుకున్నాను.

ఆమె దూరాలు కూడా అలాగే చెప్పేది. చుట్ట కాలేంత దూరం. బిందె చంక మార్చుకునేంత దూరం. సలోమి ఎత్తుకోమనేంత దూరం.

సలోమి ఆమె ఒక్కగానొక్క కూతురు. నాకన్నా రెండేళ్లు పెద్దది. అయిదో ఏట జ్వరంతో పోయింది. నాకు గుర్తులేదు. సమాధికి రాయి చెక్కించే స్తోమత లేక, పెద్దనాన్న ఇంట్లో పగిలిన రోలు తెచ్చి దాని మీద బోర్లించాడట. ఊరు ఖాళీ చేసే రోజుల్లో అందరూ తమవాళ్ల ఎముకలు తవ్వుకుని కాలనీ సమాధుల దొడ్డికి తెచ్చుకున్నారు. అప్పుడు పెద్దనాన్నకి పక్షవాతం. ఆయనతో పాటు పెద్దమ్మ గుంటూరు ఆసుపత్రిలో ఉంది. ఆయన్ని పోగొట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి నీళ్లు చర్చి తలుపు దాకా వచ్చేశాయి.

నేను నోట్‌బుక్ తెరిచినప్పుడల్లా చరిత్ర అక్కడికొచ్చి ఆగేది. తను పోయేలోపు ఆ పిల్లని తెచ్చి తన పక్కన పెట్టమనేది. ఆమె ఇంకేమీ అడిగేది కాదు.

ఒక వేసవిలో ఏరు ఎన్నడూ లేనంత లోపలికి పోయింది. చర్చి మెట్లు బయటపడ్డాయని కాలనీలో ఆటో నడిపే బాబూరావు వచ్చి చెప్పాడు. పెద్దమ్మ మోకాళ్లు లేవనివ్వవు. ఉతికి మడిచిన తెల్లగుడ్డ ఒకటి నా చేతిలో పెట్టింది.

"చర్చి మెట్టు మీద నిలబడి ఎగువకి నలభై అడుగులు వెయ్యి. రోలు ఉండిద్ది. ఎముకలు దొరక్కపోతే గుప్పెడు మట్టన్నా తీసుకురా."

నేనూ బాబూరావూ వెళ్లేసరికి ఉదయం తొమ్మిది దాటింది. గట్టు దగ్గర నేల నెర్రెలిచ్చి ఉంది. లోపలికి పోయేకొద్దీ మెత్తటి ఒండ్రు. చర్చికి మిగిలింది పునాది, మూడు మెట్లు. చెప్పులు అక్కడే విడిచాను. కృష్ణ పడమటి నుంచి తూర్పుకి ప్రవహిస్తుందని ఏళ్ల తరబడి బోర్డు మీద గీస్తున్నవాణ్ణి కాబట్టి, ఎగువ అంటే పడమర. నలభై అడుగులు వేశాను. గునపం దించి చూశాం. బురద. అడుగు చిన్నది చేసి చూశాను, పెద్దది చేసి చూశాను. రెండు గంటలు బురదే.

అలిసిపోయి మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాను. అప్పుడు కనిపించాయి.

ఉత్త కాళ్ల గుర్తులు. పొడవు జానెడు కూడా లేదు. కింది మెట్టు పక్కనే మొదలై దక్షిణంగా పోతున్నాయి. మెట్టు దాకా వచ్చిన గుర్తులు లేవు. మేము వచ్చినప్పుడు అవి అక్కడ లేవని ప్రమాణం చేయలేను. నేను చూడలేదని మాత్రం చెప్పగలను. అదే ఒండ్రులో నా కాలు మడమ దాకా దిగుతోంది. ఆ గుర్తులు మాత్రం పిండి మీద వేసినట్టు పైపైనే ఉన్నాయి.

వాటి పక్కనే నడిచాం. నా అడుగులు నేను లెక్కపెట్టుకోలేదు. బాబూరావు లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిదో, నలభయ్యో అన్నాడు.

చివర రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నాయి. బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు. ఆ తర్వాత గుర్తు లేదు. తిరిగి వెళ్లిన జాడా లేదు. వాటి ముందు మూరెడు దూరంలో, ఒండ్రులోంచి రాతి అంచు వంపుగా పైకి కనిపిస్తోంది. బోర్లించిన రోలు.

అప్పుడు తలెత్తి ఏటిని చూశాను. అక్కడ కృష్ణ వంపు తిరిగి కొంత దూరం ఉత్తరానికి పారుతుంది. ఆ వంపును పోయిన నెలే నా చేత్తో మ్యాపులో గీశాను. పుట్టిరేవుకి ఎగువ అంటే దక్షిణం. కాలనీ వాళ్లు ఏరు లేకపోయినా ఆ దక్షిణాన్ని మోసుకొచ్చుకున్నారు. నేను దాన్ని నోట్‌బుక్‌లోకెక్కించి మరీ పడమరకి నడిచాను.

"పైనించి దించి, మళ్లీ పైకి తీసుకున్నట్టుంది సార్" అన్నాడు బాబూరావు.

అరమైలు దూరంలో వలలు బాగుచేసుకుంటున్న వాళ్లని అడిగాను. వాళ్లతో పిల్లలు ఎవరూ రాలేదట. పిల్లలెందుకొస్తారు సార్ ఈ బురదలోకి అన్నారు. మేకల వాళ్ల పిల్లలు వచ్చి ఉండవచ్చు. ఏదైనా కావచ్చు.

తెల్లగుడ్డ నా జేబులోనే ఉంది. నేను ఆ రోలు కదపలేదు. మట్టి తీయలేదు. పాస్టరు గారు లేకుండా సమాధి ముట్టుకోవడం పద్ధతి కాదనీ, రేపు నలుగురం కలిసి రావచ్చనీ బాబూరావుకి వివరంగా చెప్పాను. భయపడ్డవాడికి పద్ధతులు బాగా గుర్తొస్తాయి. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి బయల్దేరాను.

ఆ రాత్రి పైన ఎక్కడో వానలు పడి నీళ్లు వదిలారు. పొద్దున్నే పాస్టరు గారితో వెళ్లేసరికి చర్చి మెట్లు లేవు. ఏరు మళ్లీ అంత లోపలికి పోలేదు. పెద్దమ్మ క్రిస్మస్ చూసి పోయింది. కాలనీ సమాధుల దొడ్డిలో ఆమెకి ఎగువ పక్కన మూడడుగుల జాగా ఖాళీగా ఉంచాం.

ఆ ఫోటోలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. అడిగినవాళ్లకి చూపిస్తాను. మేకల వాళ్ల పిల్లలంటారు కొందరు, నీటి పక్షులంటారు కొందరు. నేను కాదనను.

మొదట చూపించింది మాత్రం పెద్దమ్మకే, ఆ సాయంత్రమే. కళ్లజోడు తుడుచుకుని ఫోన్‌ని మొహం దగ్గరగా పెట్టుకుంది. మెట్టు గుర్తుపట్టింది. రోలు అంచు గుర్తుపట్టింది. పక్కపక్కన ఆగిన ఆ రెండు పాదాల దగ్గర చాలాసేపు ఉండిపోయింది. రేపు పాస్టరు గారిని తీసుకెళ్తాను పెద్దమ్మా, అన్నీ పద్ధతిగా చేద్దాం అని చెబుతున్నాను. ఆమె నా చేతుల వంక చూసింది.

"ఎత్తుకోమని నిలబడితే, ఫోటో తీసుకోని వచ్చావంట్రా?"