కాగిన డప్పులు, అక్క గొంతు

ఎల్బీనగర్ బోనాల లైవ్‌కు మిక్సింగ్ చేయమని ఛానెల్ వాళ్ళు పిలిచినప్పుడు సంబరపడ్డాను. స్టేజీ మీద పాడేది మా అక్కేనని తర్వాత తెలిసింది. ఆమె గొంతుకు ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో డాక్టరు నా ముందే చెప్పాడు: పాడొచ్చు గానీ మెల్లగా, జోరు పెడితే మళ్ళీ కములుతుంది, ఈసారి కమిలితే ఇక పాట సంగతి మర్చిపోవడమే. అక్క బుద్ధిగా తలూపింది. ఆమె అంత బుద్ధిగా తలూపిందంటే మాట వినదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా పనిలో ఒక చిత్రం ఉంది. గ్రౌండ్‌లో జనం వినేది వేరు, ఇళ్ళలో టీవీల్లో ఫోన్లలో వినేది వేరు. గ్రౌండ్ స్పీకర్ల సంగతి వాటిని అద్దెకిచ్చిన టెంట్‌హౌస్ అతను చూసుకుంటాడు. నేను స్టేజీ వెనక వ్యాన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇళ్ళకు వెళ్ళే సౌండ్ మాత్రమే కలుపుతాను. ఒక్కో మైకూ నాకు విడిగా వినిపిస్తుంది. పాడేవాళ్ళ ఊపిరి ఎక్కడ తెగిందో కూడా తెలిసిపోతుంది.

డప్పు దళం హయత్‌నగర్ నుంచి వచ్చింది. డప్పు తోలు మంట దగ్గర కాగితేనే బిగుస్తుంది, అసలు మోత అప్పుడే. కానీ షామియానా దగ్గర మంట పెట్టొద్దని కమిటీ ప్రెసిడెంటు కసిరి, చల్లటి డప్పులతోనే సౌండ్ చెక్ కానిచ్చాడు. "ఎట్లున్నా డప్పు డప్పే గద మేడం" అన్నాడు. ప్లాట్లు అమ్ముకునే మనిషి, ఏం చెప్తాం. అక్క గొంతు అక్కకు వినపడాలని ఆమె కాళ్ళ ముందు ఒక స్పీకరు ఉంటుంది. దాని సౌండు ఆ చల్లటి డప్పుల మోతకు సరిపోయేలా పెట్టేసి టెంట్‌హౌస్ అతను చాయ్‌కి పోయాడు.

డప్పుల వాళ్ళు మాత్రం రోడ్డు పక్కకు వెళ్ళి, అట్టపెట్టెలు తగలబెట్టి డప్పులు కాచుకుని వచ్చారు. లైవ్‌లో మొదటి దెబ్బకే మోత హద్దు దాటి నా మిక్సరు మీటర్లు ఎర్రబడ్డాయి. నా దగ్గర తగ్గించుకున్నాను. స్టేజీ మీద అక్క చెవుల్లో పడే మోతను నేనెట్లా తగ్గించను?

మొదటి చరణంలోనే అర్థమైంది. ఆమెకు తన గొంతు వినపడటం లేదు, అందుకే అరుస్తోంది. పైకి వెళ్ళినప్పుడు గొంతులో చిన్న జీర తగిలింది, గుడ్డ చినగబోయే ముందు చేసే చప్పుడులాగా. గ్రౌండ్‌లో ఒక్కరికీ తెలియలేదు. టెంట్‌హౌస్ అతనికి ఫోన్ చేసి ఆమె స్పీకరు పెంచమన్నాను.

"ఇంకింత పెంచితే మైకు కీసుమని కూత పెడ్తది మేడం. నేనేం జెయ్యాలె?"

రెండో చరణానికి ముందు డప్పులు మాత్రమే మోగే భాగం ఉంది. లైవ్ నడుస్తుంటే మిక్సరు వదిలి లేవకూడదు. లేచి పరుగెత్తాను. స్టేజీ వెనక మెట్లెక్కి దళం పెద్దాయన చెవిలో చెప్పాను.

"పెదనాయనా, సిర్ర పక్కకు పెట్టుండ్రి. పుల్లతోనే కొట్టుండ్రి."

సిర్ర అంటే కుడిచేతిలో ఉండే పొట్టి కర్ర, మోతంతా దానిదే. ఎడమచేతిది సన్నటి పుల్ల.

"అమ్మోరి ముంగట దెబ్బ తగ్గించుడేంది బిడ్డా?"

"మా అక్క గొంతుకు ఆపరేషన్ అయింది. గిట్ల ఒర్రితే గొంతు పోతది. ఇండ్లల్ల ఇనేటోళ్ళకు డప్పు నేను పెంచుత."

ఆయన అక్క వైపు చూశాడు. ఉబ్బిన ఆమె మెడ నరాలు చూశాడేమో, సిర్ర నడుముకు దోపుకున్నాడు. దళం ఎప్పుడూ పెద్దాయన చేతుల్నే చూస్తూ కొడుతుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ దోపుకున్నారు.

నేను వ్యాన్‌లోకి వచ్చి పడి, డప్పుల మైకులు పైకి లేపాను. ఇళ్ళలో మోత ఏమాత్రం తగ్గలేదు. ప్రెసిడెంటు వచ్చి వ్యాన్ తలుపు బాదాడు.

"డప్పులు సల్లబడ్డయేంది మేడం?"

"ఫోన్ల లైవ్ జూస్కోండి సార్" అన్నాను. చూసుకుని, అయోమయంగా వెళ్ళిపోయాడు.

అక్క గొంతు దిగింది. అరుపు పోయి పాట వచ్చింది. జీర మళ్ళీ తగల్లేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

పాట అయ్యాక ఆమె వ్యాన్ మెట్టు మీద కూర్చుని వేడినీళ్ళు తాగింది.

"డప్పులు తగ్గిపిచ్చింది నువ్వేనా?"

"నేనే. నీ గొంతు నీకు ఇనబడ్డదా?"

"ఇనబడ్డది. ఇంట్ల కూనిరాగాలేనాయె, ఏం తెల్వలే. ఇయ్యాల మంచిగ ఇన్న. గది నా గొంతు కాదు చెల్లె."

సౌండ్ చెక్‌లో ఆమె రెండు ముక్కలు పాడినప్పుడే హెడ్‌ఫోన్లలో నాకా సంగతి తెలిసింది. పై స్థాయిలో ఆమె గొంతుకు ఇదివరకటి నిండుతనం లేదు. ఇళ్ళలో వినేవాళ్ళు పోల్చుకోకుండా కొంచెం ఎకో కలిపి ఆ లోటు కప్పేశాను. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పను?

"రికార్డింగ్ ఇను అక్కా, మంచిగొచ్చింది" అన్నాను.

"నువ్వు మంచిగ జేసి ఉంటవులే" అంది.