1901 నుంచి సర్వీసు లేని మోటారు

2022 వేసవిలో, పదవీ విరమణకు ఏడాది కూడా లేని రోజుల్లో, కంభం నుంచి గిద్దలూరు పోయే రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊరికి నన్ను ఫీల్డ్ డ్యూటీ మీద పంపారు. అప్పుడు నేను చీఫ్ ఇంజనీర్‌ని, కెర్నల్ విభాగానికి. ఆ హోదాలో ఉన్నవాళ్లు ఫీల్డుకు వెళ్ళరు. అది సర్వీసు ఇంజనీర్ల పని. మార్కాపురంలో మా అక్క ఇంట్లో సెలవులో ఉన్నానని తెలిసి, సెలవు రద్దు చేసి మరీ పంపారు. బస ఖర్చు సంగతి అడిగితే "మీ ప్రాంతమే కదా" అన్నారు. రద్దయిన ఆ సెలవు మళ్ళీ నా ఖాతాలో పడలేదు.

మా కంపెనీ తాగునీటి మోటార్లకు కంట్రోలర్లు తయారుచేసేది. ఇనుప పెట్టెలో చిన్న కంప్యూటరు, రెండు వరుసల తెర, నాలుగు బటన్లు. ఏ వేళకు మోటారు వేయాలో, ఎప్పుడు ఆపాలో అదే చూసుకుంటుంది. తర్వాతి సర్వీసు తేదీ కూడా అందులోనే ఉంటుంది. ఆ తేదీ వస్తే బజర్ మోగుతుంది. ఇంకో ముప్పై రోజుల వెసులుబాటు కూడా దాటితే మోటారుకు తాళం పడుతుంది, లోపలి సిమ్ కార్డు ద్వారా మా కాల్ సెంటరుకు సందేశం పోతుంది. ఆ ఊరి కంట్రోలరుకు తాళం పడి రెండు రోజులయింది. చుట్టుపక్కల ఫ్లోరైడ్ లేని బోరు అదొక్కటే.

నాకిచ్చిన ఉత్తర్వులో రెండు పనులున్నాయి. ఒకటి, మోటారు నడిపించడం. రెండు, ఇది ఆపరేటరు చేసిన తప్పు అని నివేదిక రాసి సంతకం పెట్టడం. ఆ సంతకం పడితే నిర్వహణ కాంట్రాక్టరు ఆపరేటరును తీసేస్తాడు. ఇంకా కారణం ఎవరూ వెతకలేదు, జవాబు మాత్రం తయారుగా ఉంది.

ఆ జవాబు ఎందుకు తయారుగా ఉందో తెలియాలంటే అంతకు మూడేళ్ల ముందు జరిగిన ఒక సమావేశం గురించి చెప్పాలి.

కెర్నల్ అంటే యంత్రంలో అన్నిటికంటే లోపలుండే ప్రోగ్రాం. పైనున్న ప్రోగ్రాములు గడియారాన్ని నేరుగా ముట్టుకోలేవు. టైమెంత అనో, ఫలానా గడువు ఎప్పటికి పడుతుంది అనో కెర్నల్‌ను అడగాలి. అడిగే ఆ పద్ధతిని సిస్టమ్ కాల్ అంటారు. కెర్నల్‌కు తేదీలు తెలియవు. 1970 జనవరి ఒకటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ అంకె మాత్రమే తెలుసు. మా పెట్టెల్లో ఆ అంకెకు ఇచ్చిన చోటు 32 బిట్లు. 2038 జనవరి 19 నాటికి ఆ చోటు నిండిపోతుంది. ఆ మరుసటి సెకనుకు అంకె తిరగబడి సున్నాకు దిగువకు పోతుంది. యంత్రం తాను 1901 డిసెంబరులో ఉన్నాననుకుంటుంది.

దీనికి నేనొక మార్పు రాసి పెట్టాను. పాత కాల్స్‌ను తీసేయకూడదు. వాటి మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు వేల పెట్టెల్లో నడుస్తున్నాయి. పాతదాని పక్కనే 64 బిట్ల చోటున్న కొత్త కాల్ పెట్టాలి. పాత కాల్‌లో పట్టని తేదీ వస్తే, తప్పుడు తేదీ ఇవ్వకుండా, పట్టదని లోపం సంకేతం ఇవ్వాలి. అంతే.

డైరెక్టర్ నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. అందరి ముందూ నా కాగితాలు పక్కకు నెట్టి, "2038కి మీరూ ఉండరు, ఆ పంపూ ఉండదు" అన్నాడు. నవ్వారు. గడియారం 2038కి చేరక్కర్లేదు, ఎవరైనా దూరపు గడువు రాస్తే చాలని చెప్పబోయాను. పంపుకు ఎవడండీ అంత దూరపు గడువు రాసేది అని మళ్ళీ నవ్వారు. నా మార్పు బదులు ఆయన ఒక పని చేయించాడు: తెర మీద 2037 దాటి సంవత్సరం ఎక్కించడానికి వీల్లేకుండా కట్టేశాడు. సమస్య తీరిందని మినిట్స్‌లో రాశారు. ఆ సమావేశంలో టీ నాకు తప్ప అందరికీ వచ్చింది.

కంభం బస్టాండు దగ్గర కాంట్రాక్టరు జీపు ఉంటుందన్నారు. లేదు. షేర్ ఆటోలో, రెండు ఉప్పు బస్తాల మీద కూర్చుని ఊరు చేరాను.

పంపు గది సుబ్బరత్నమ్మ దుకాణానికి ఆనుకుని ఉంది. ఆమెది కిరాణా వ్యాపారం, పైగా వార్డు మెంబరు. గది ముందు ఖాళీ బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. తొట్టి ఎండిపోయి, దాని చుట్టూ గొర్రెలు నిలబడి ఉన్నాయి. ఆపరేటరు కాశయ్య ఆ గొర్రెలున్న ఇంటివాడే. నాకు కూర్చోమని వేసిన కుర్చీకి ఒక చెయ్యి లేదు. అంతకంటే మంచి కుర్చీలో సుబ్బరత్నమ్మ గారి గల్లాపెట్టె ఉంది.

తెర మీద ఇలా ఉంది: సర్వీసు గడువు 24-12-1901తో ముగిసింది.

"ఏం నొక్కినావు?" అని కాశయ్యను అడిగాను.

"ఏం దాచేది సారూ. నెల కింద బజర్ మొదులైంది. సర్వీసోళ్లకు ఫోన్ చేస్తే వస్తామంటారు, రారు. అది మోగితే కుక్కలు మొరుగుతాయి, కుక్కలు మొరిగితే గొర్రెలు దడి దూకుతాయి."

సుబ్బరత్నమ్మ దుకాణంలో నుంచే అందుకుంది. "నేనే చెప్పినా సారూ. ఒరే కాశీ, నువ్వన్నా ఉండాల, ఆ పీపీ అన్నా ఉండాల అని. ఒకామె శెనగపిండి అడిగితే నేను సబ్బు ఇచ్చినా ఆ మోతకు."

"అందుకని సర్వీసు తేదీని ముందరికి జరిపినా. ఇంగ నా జన్మలో మోగగూడదని ఎంత పోతే అంత పోనిచ్చినా. 2037 కాడ ఆగింది. డిసెంబరు ముప్పై ఒకటి పెట్టి ఓకే కొట్టినా. బజర్ ఆగింది. మోటారూ ఆగింది."

అక్కడికక్కడే నాకు అర్థమైంది. తెర అనుమతించిన చివరి తేదీని అతను పెట్టాడు. ప్రోగ్రాం దానికి వెసులుబాటు ముప్పై రోజులు కలపమని కెర్నల్‌ను అడిగింది. 2038 జనవరి 30 వచ్చింది. అది ఆ చోటులో పట్టదు. అంకె తిరగబడి 1901 డిసెంబరు 24 అయింది. గడువు ముగిసి నూట ఇరవై ఏళ్లయిందని యంత్రం మోటారుకు తాళం వేసింది. డైరెక్టర్ 2037 దగ్గర కట్టిన గోడకు సరిగ్గా చివర కాశయ్య నిలబడితే, యంత్రమే ముప్పై అడుగులు ముందుకు తోసింది.

తాళం తీయాలంటే కాల్ సెంటరు నుంచి కోడ్ రావాలి. అంతవరకు తేదీ మార్చే తెర కూడా తెరుచుకోదు. కాశయ్య అప్పటికే నాలుగైదుసార్లు ఫోన్ చేశాడట. నా ముందు మళ్ళీ చేసి స్పీకరు పెట్టాడు.

అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "సర్, మీకు 1901 డిసెంబరు నుంచి సర్వీసు పెండింగ్ ఉందండి. ఎందుకు చేయించుకోలేదో కారణం చెప్తే కోడ్ ఇస్తాం."

"అప్పటికి మా జేజినాయన కూడా పుట్టలే తల్లీ."

"అంటే అప్పుడు మోటారు వేరేవాళ్ల పేరు మీద ఉందా అండీ?"

సుబ్బరత్నమ్మ వచ్చి ఫోను లాక్కుంది. "ఏమ్మా, అప్పుడు ఈడ కరెంటే లేదు, మోటారు యాడిది?"

"కరెంటు లేదన్న కారణం మా దగ్గర లేదండి."

నేను ఫోను తీసుకుని నా పేరు, హోదా చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు వెతికి, కంపెనీ వాళ్లలో కోడ్ అడగగలిగిన విభాగాల జాబితాలో కెర్నల్ అనేది లేదని చెప్పింది. ఆ కంపెనీలో నాది ఇరవై ఆరేళ్ల సర్వీసు. కావాలంటే వినియోగదారుగా మాట్లాడవచ్చంది. సరే, వినియోగదారునే అన్నాను. కారణాలు చదవమన్నాను. నాలుగున్నాయి: తలుపు తాళం వేసి ఉంది, వర్షం, వినియోగదారు నిరాకరించారు, వినియోగదారు అందుబాటులో లేరు. 'ఇతరం' లేదా అని అడిగితే, అందరూ అదే ఎంచుకుంటున్నారని తీసేశారంది.

"తాళమని కొట్టియ్యి సారూ" అన్నాడు కాశయ్య.

"తలుపే లేనప్పుడు తాళం ఎట్ల వేస్తారు?" అన్నాను. 1901లో అక్కడ గది లేదు.

"వానని చెప్పు పోనీ."

సుబ్బరత్నమ్మకు ఓపిక అయిపోయింది. "ఏందన్నా నీ విచారణ! గొర్రెలు నాలికలు సాపినాయి ఈడ. వాన అను, పిడుగు అను, ఏదో ఒకటి అను!"

నేను తొందరపడలేదు. ఆ నాలుగింటిలో నిజమైనది ఒక్కటే ఉంది. 1901లో వినియోగదారు అందుబాటులో లేరు. అదే రాయించాను. "ఎప్పటి నుంచి అందుబాటులోకి వచ్చారండీ?" అని అడిగింది. కాశయ్య పుట్టిన సంవత్సరం చెప్పాను. కోడ్ వచ్చింది.

సర్వీసు తేదీని సరిచేశాక మోటారు తిరిగింది. తొట్టిలో నీళ్లు పడగానే గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆడవాళ్లు బిందెలతో నన్ను పక్కకు నెట్టుకుంటూ పోయారు. అందరి వెనక మిగిలిన కాశయ్య మాత్రం నా దగ్గరికి వచ్చి, "నీళ్లొచ్చినాయి గదా సారూ, నా పని ఉంటాదా, పోతాదా? కాంట్రాక్టరు మీ కాగితం కోసం చూస్తా ఉండాడంట" అన్నాడు. నేను సంతకం పెడితే పోతుందని, పెట్టనని చెప్పాను.

ఆ సాయంత్రం డైరెక్టర్ ఫోన్ చేశాడు. ఆపరేటరు తేదీ మార్చాడా లేదా అన్నాడు. మార్చాడన్నాను. అయితే రాయడానికి మీకేమిటి అభ్యంతరం అన్నాడు. తెర ఒప్పుకున్న తేదీనే పెట్టాడు, ఆ తేదీ తెరకు ఇచ్చింది మీరు, అన్నాను. రిటైరయ్యే ముందు ఇదంతా ఎందుకండీ అన్నాడు. ఈ మాట నాతో అన్నది ఆయన ఒక్కడే కాదు. అన్నవాళ్లందరూ నాకు గుర్తున్నారు.

హైదరాబాదులో ఆయన గదిలో ఒక ప్రదర్శన పెట్టె ఉండేది. వచ్చిన కస్టమర్లకు చూపించడానికి. దానిలోనూ సిమ్ ఉంది, వినియోగదారుగా ఆయన పేరే నమోదై ఉంది. తిరిగొచ్చిన రోజు క్వాలిటీ విభాగం అధిపతిని వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్ళాను. తెర అనుమతించే తేదీల్లో ఏ తేదీ పెట్టినా యంత్రం సరిగ్గా పనిచేయాలా వద్దా అని అడిగాను. చేయాలి, చేస్తుంది అన్నాడు డైరెక్టర్. అయితే మీరే ఒకటి పెట్టండి అన్నాను. నేను పెడితే ఏదో చేశానంటాడు. ఆయన నవ్వి, ఎటూ చివరిదే చూద్దామని 2037 డిసెంబరు 31 పెట్టి ఓకే నొక్కాడు.

తెర 24-12-1901 చూపించింది. తాళం పడిన సందేశం కాల్ సెంటరుకు చేరి, ఆయన సెల్ ఫోను మోగింది. అవతలి గొంతు గది అంతా వినపడింది: "సర్, మీకు 1901 డిసెంబరు నుంచి సర్వీసు పెండింగ్ ఉందండి. కారణం చెప్తారా?"

ఆయన తానెవరో చెప్పాడు. డైరెక్టర్ హోదా కూడా ఆ జాబితాలో లేదట. చివరికి 'వర్షం' అని చెప్పి కోడ్ తీసుకున్నాడు.

నివేదికలో కారణం దగ్గర నేను ఒకే వాక్యం రాశాను: "అనుమతించిన తేదీకి వెసులుబాటు కలిపినప్పుడు వచ్చిన అంకె సిస్టమ్ కాల్‌లో పట్టలేదు, పట్టలేదని అది చెప్పలేదు." 'ఆపరేటరు అసాధారణ చర్య వల్ల' అని ముందు చేర్చమన్నారు. చేర్చలేదు. క్వాలిటీ అధిపతి నా పక్కన సంతకం చేశాడు. కాశయ్య ఉద్యోగం నిలిచింది. నేను రాసిన మార్పు కొన్ని నెలలకు అన్ని పెట్టెల్లోకి వెళ్ళింది. దాని మీద రచయితగా వేరే కుర్రవాడి పేరుంది. ఆ కుర్రవాడు ప్రోగ్రాం పక్కన వివరణగా నేను రాసుకున్న కామెంట్లలోని అచ్చుతప్పులు కూడా దిద్దలేదు. డైరెక్టర్ గదిలో పెట్టెను పరీక్షించిన రోజు కూడా టీ వచ్చింది, ముగ్గురికి రెండు కప్పులు.

ఉద్యోగం నిలిచిందని కాశయ్యకు నేనే ఫోన్ చేసి చెప్పాను. సంతోషించాడు. "అయితే సారూ, ఈసారి బజర్ మోగితే ఏం జేయాల?" అన్నాడు.

సర్వీసుకు ఫోన్ చెయ్యమన్నాను.

"చేస్తే రారు గదా సారూ" అన్నాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. పాత సిస్టమ్ కాల్‌ను పీకేయకండి, పక్కన వెడల్పైనది పెట్టండి, పట్టనిదాన్ని పట్టదని చెప్పించండి. పరీక్ష చేసేటప్పుడు గడియారాన్ని 2038కి తిప్పి ఊరుకోకండి. ఆ పెట్టె పక్కన బతికే మనిషి దాని మోత భరించలేక ఏ తేదీ పెడతాడో, ఆ తేదీ పెట్టి చూడండి. మా దగ్గర ఓవర్‌ఫ్లో, అంటే అంకె తిరగబడడం, పదహారేళ్లు ముందుగా వచ్చింది. సర్వీసు ఇంజనీరు ఒకసారి ఆ ఊరికి వెళ్ళి ఉంటే అప్పుడు వచ్చేది కాదు. ఆ నెల సర్వీసు ఇంజనీరు ఎందుకు వెళ్ళలేదో నేను మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను. ఇప్పటికీ జవాబు రాలేదు.