‘ఛోడ్’ అన్నా వదలని బ్రేకు

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. మా నాన్న రైల్వే ఉద్యోగానికి విజయనగరం నుంచి రాయపూర్ వచ్చినవాడు. ఇంజను ఆగితే నూనె చూడరా, దేవుణ్ణి తలచుకోకు అని పెంచాడు.

రాయపూర్ శివారు ఉర్లాలో నాకూ, మా చెల్లెలి భర్త సింహాచలానికీ కలిపి లారీలు బాగుచేసే షెడ్డుంది. కొన్నేళ్ల కిందట తెలీబంధా పేట సేటు ఒకాయన వేలంలో కొన్న పాత మిలిటరీ ట్రక్కు తెచ్చాడు. రంగు, సీట్లు, టార్పాలిన్ అన్నీ కొత్తవి వేశాం. బ్రేకు మాత్రం లొంగలేదు. సిలిండర్ మార్చాం, పైపులు మార్చాం. సాయంత్రం గట్టిగా ఉన్న పెడల్ తెల్లారేసరికి నేలకంటేది. ఆ బండికి నేనంటే పడదనిపించేది. నాకూ దాన్ని చూస్తే ఒళ్లు మంట.

మర్నాడు సేటుకి బండి ఇవ్వాలి. ముందురోజేమో విశ్వకర్మ పూజ. ఉర్లాలో ఆ రోజు పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పెడతారు. ఎవరూ రెంచీ పట్టరు.

“ఇయాల వద్దు బావా. రేపు పొద్దున్నే చేసేద్దుం,” అన్నాడు సింహాచలం.

“నీ భక్తి ఇంటి దగ్గర చూసుకో. ఎక్కి కూచో,” అన్నాను. మాటా మాటా పెరిగింది. మొహం మాడ్చుకుని ఎక్కాడు. షెడ్డు నేల గోడవైపు ఏటవాలు కాబట్టి ముందు చక్రాలకి చెక్క మొద్దులు అడ్డం పెట్టి ఉన్నాయి.

బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి ఇద్దరుండాలి. పైవాడు పెడల్ తొక్కి పట్టుకుంటే, కిందివాడు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, గాలి పోయాక బిగిస్తాడు. ‘దబావ్’ అంటే తొక్కాలి, ‘ఛోడ్’ అంటే వదలాలి. మా మధ్య ఆ రెండు మాటలే నడిచాయి.

మూడు చక్రాలయ్యాయి. చివరిది ఎడమవైపు వెనక చక్రం. దాని ముందు గోనెసంచి వేసుకుని పడుకున్నాను. ‘దబావ్’ అన్నాను. నూనె బుడగలతో వచ్చి, తేటపడింది. నట్టు బిగించి ‘ఛోడ్’ అన్నాను. పెడల్ వెనక్కొచ్చే టక్కుమన్న చప్పుడు రాలేదు. మూడుసార్లు అరిచాను. అలక ఇంకా తీరలేదు కాబోలని తిట్టుకుంటూ బయటికి పాకాను.

సీట్లో ఎవరూ లేరు. పెడల్ నేలకంటి ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది. టక్కుమంది. వెంటనే బండి కదిలి, నా గోనెసంచి మీంచి పోయి గోడకి గుద్దుకుంది.

ఆ చప్పుడికి పక్క షెడ్డులో పూజ దగ్గర్నుంచి సింహాచలం ప్రసాదంతో పరుగెత్తుకొచ్చాడు. మూడో చక్రం అవగానే కోపంతో దిగిపోయాడట. పోతూ మిగతా పనిముట్లతో పాటు ముందు చక్రాలకి అడ్డం పెట్టిన చెక్క మొద్దులు కూడా పూజకి పట్టుకెళ్లాడు. హ్యాండ్‌బ్రేకు ఉంది కదా అనుకున్నాడు. పొద్దునే దాని తీగ విప్పేశానని నేను చెప్పలేదు. మాటల్లేవు కదా.

మొద్దులు తీసిన క్షణమే ఆ ఏటవాలు నేల మీద బండి కదలాలి. కదల్లేదు.

విశ్వకర్మే కాపాడాడని మా చెల్లెలు దీపం పెడుతుంది. నాకలా అనిపించదు. ఆ పెడల్ లేచిన తీరులో దయ లేదు, నా మీద విసుగుంది. అదెవరి కాలో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు బండి కింద దూరితే ‘ఛోడ్’ అనే ముందు సింహాచలాన్ని పేరు పెట్టి పిలుస్తాను. అతను పలికితేనే ఆ మాట అంటాను.