మా పెద్దమేడం, ఒక దిబ్బరొట్టె

పెద్దమేడం పోయారని సోమవారం ఉదయం తెలిసింది. ప్రార్థన ముగించి పిల్లల్ని తరగతులకు పంపుతుంటే గుడివాడ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ఆ రోజు పాఠం చెబుతూ రెండుసార్లు ఆగిపోయాను. ఏమైందని పిల్లలు అడిగారు. నాకు పాఠం చెప్పిన టీచరు పోయారన్నాను.

"మీకు కూడా టీచరుంటారా మాస్టారూ?" అని ఐదో తరగతి అంతా ఆశ్చర్యపోయింది.

ఉన్నారు. ఉద్యోగంలో చేరిన పదకొండేళ్లకు దొరికారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఆవిడ మా దివిసీమ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి అవనిగడ్డ వచ్చేవారు. అప్పటిదాకా శిక్షణంటే మాకు ఒక సంతకం, ఒక భోజనం, మధ్యలో తెర మీద కదిలే అక్షరాలు. నేను వెనక కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకునేవాణ్ణి.

ఆవిడ వచ్చిన మొదటి రోజే ప్రొజెక్టర్ ఆపేశారు. "ఈ వారం మీ క్లాసులో ఏం కుదరలేదో తలా ఒకటి చెప్పండి," అన్నారు. నలుగురిలో నాకు చేతకావట్లేదని చెప్పుకోవడం అంత తేలికా? ఆవిడే మొదలుపెట్టారు. "నేను ఏడాదంతా భాగహారం చెప్పానండీ. చివర్లో ఒక పిల్ల లేచి, 'టీచర్, ఇది కూడికేనా?' అంది."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నాకూ ధైర్యం వచ్చింది. "మా పిల్లలు మూడో వంతు కన్నా నాలుగో వంతే పెద్దదంటారండి. మూడు కన్నా నాలుగు పెద్దది కదా అంటారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇక నావల్ల కాదనిపిస్తోంది."

"పొద్దున టిఫినేం తిన్నారు మాస్టారూ?"

"దిబ్బరొట్టె అండి."

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. మొన్నటి నుంచి మా అత్తగారు కూడా ఉన్నారు."

"ఆవిడొచ్చాక మీ ముక్క పెరిగిందా, తగ్గిందా?"

"తగ్గిందండి!" అనేశాను. ఆ కేక విని పక్క గదిలో వాళ్లు కూడా తొంగిచూశారు.

తర్వాతి వారం ఆవిడ బస్సు దిగి, ఆటో ఎక్కి మా బడికి వచ్చారు. పాఠం తను చెప్పలేదు, పిల్లల మధ్య కూర్చుని చూశారు. నేను రొట్టెలు కోశాను. "ఐదుగురైతే ఇంకా తగ్గిపోద్ది మాస్టారూ!" అందొక పిల్ల. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ సగం మంది తినే హడావిడిలో ఉన్నారు. బయటికొచ్చాక మేడం మెల్లగా అన్నారు: "రొట్టె అందరికీ అర్థమైంది. లెక్క రేపు మళ్లీ చెప్పండి."

చెప్పాను. కడుపులు నిండాక లెక్క కూడా ఎక్కింది. తర్వాతి సమావేశంలో ఆ పాఠం ఆవిడ చెబుతారనుకుంటే, సుద్దముక్క నా చేతికిచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నోటుపుస్తకాలు దిద్దుకుంటున్న వాళ్లు ఒక్కొక్కరే తలెత్తారు. "నాకు కూడా ఒకటి కుదరట్లేదు," అని లేచినవాళ్లతో ఆ మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది.

చివరిసారి గుడివాడలో ఆవిడను చూసి వస్తుంటే, వద్దన్నా బస్టాండు దాకా వచ్చారు. బస్సు కదిలింది. కిటికీ పక్కన నడుస్తూ, "దశాంశాలు ఎలా చెప్తున్నారు?" అని అడిగారు. నేను తల బయటపెట్టి చెప్పబోయాను.

"ఆ లెక్కలేవో ఫోన్‌లో చెప్పుకోండి మాస్టారూ," అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. ఆవిడ కూడా ఆగిపోయి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మలుపు తిరిగేదాకా నవ్వుతూనే నిలబడ్డారు.