నిన్నటికంటే ఎక్కువా, తక్కువా

ఎంతమంది గురించి అడుగుతారర్రా మీరు! ఓడిపోయిన సర్పంచి గురించి అడుగుతారు, లారీ కింద పడి బతికినవాడి గురించి అడుగుతారు. ఇన్నేళ్లలో ఒక్కరైనా నాగరాణి ఎవరని అడిగారా? ఆమె చేతి చారు తాగి పెరిగినవాళ్లూ అడగలేదు. సిగ్గుండాలి. ఇప్పుడు నోరు మూసుకుని వినండి.

నాగరాణిది గరిడేపల్లి. రెండో తరగతితో బడి మానేసి నాట్లకు పోయింది. మొగుడు పోయాక మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంటకు కుదిరింది. అదే వంటింట్లో నేను గిన్నెలు తోమేదాన్ని. నన్ను పెద్దమ్మా అనేది, చుట్టరికం ఏమీ లేకపోయినా.

ఒక ఏడు కొత్త మిషను బిగించడానికి స్పెయిన్ దేశం నుంచి ఇగ్నాసియో అని ఒక ఇంజనీరు వచ్చాడు. మన భాష రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. మొదటిరోజు నాగరాణి చేపల పులుసు వడ్డించింది. ఆయన చాలన్నట్టు చెయ్యి ఊపాడు. మన ఇళ్లల్లో చాలన్నవాడికే కదా ఇంకో గరిటె వేస్తాం? వేసింది. మళ్లీ ఊపాడు. మళ్లీ వేసింది. పాపం మర్యాదస్తుడు, వేసిందంతా తిన్నాడు. మరునాడు పనికి పోలేదు.

గెస్ట్‌హౌస్ మేనేజరు భాస్కర్ వంటింట్లోకి వచ్చి అరిచాడు.

"సారుకు అన్నం పెట్టినవా, సంపనీకె సూసినవా? ఇంకోసారి గిట్లయితె ఇంకో వంటామెను తెచ్చుకుంట."

"చాలన్నోనికి ఇంకింత ఎయ్యకపోతె పీనాసిదనుకోడా సారూ?" అంది నాగరాణి.

ఆ ఇంజనీరు ఫోనులో మాట్లాడితే అది తెలుగులో పలికేది. ఆమెకు నచ్చలేదు. "నా కూర సంగతి ఫోనెందుకు చెప్పాలె? తిన్న నోరే చెప్పాలె" అంది. అప్పటినుంచి రోజూ ఒక గరిటె పులుసు ఫ్రిజ్‌లో దాచేది. మరునాడు దాన్ని వెచ్చబెట్టి ఒక గిన్నెలో, కొత్తది ఒక గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టేది. ఆయన ఇది నాకి, అది నాకి చెప్పేవాడు. మాస్ అంటే ఎక్కువ. మేనోస్ అంటే తక్కువ. రెండూ ఒకటే అయితే ఇగ్వాల్. కే అయెర్ అంటే నిన్నటికంటే. పది రోజులకల్లా ఈమే అడగడం మొదలుపెట్టింది: "పికా మాస్ కే అయెర్?" నిన్నటికంటే ఎక్కువ మండుతోందా అని.

ఒకసారి ఆవిరి తగిలి ఆమె చెయ్యి కాలింది. రోజూ పొద్దున ఆ దొర వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "దుఎలె మేనోస్ కే అయెర్?" అని అడిగేవాడు. నిన్నటికంటే నొప్పి తగ్గిందా అని. మనలో ఎవరం అడిగాం? నేనూ అడగలేదు. ఆమె ఆ మాటా పట్టేసింది.

ఇక కనిపించినదాన్నల్లా పోల్చడమే. ఈ కాకి ఆ కాకికంటే పెద్దది. భాస్కర్ సారు పొట్ట గ్యాస్ సిలిండర్‌తో సమానం. నన్ను చూపించి ఏదో అంటే దొర పడీ పడీ నవ్వాడు.

"ఏమన్నవే?"

"నాకంటె నువ్వే ఎక్కువ వాగుతవని చెప్పిన పెద్దమ్మా!"

సంతకం పెట్టడానికి తడుముకునే మనిషి! సముద్రాల అవతలివాళ్ల మాట ఆ నాలుక మీద ఎట్లా కూర్చుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ వానాకాలం దొరకు కడుపునొప్పి పట్టుకుంది. మూడోరోజు ఒళ్లు కాలిపోతుంటే కోదాడలో ఒక దవాఖానకు తీసుకుపోయారు. "ఇదంత నీ పులుసుతోనే" అని భాస్కర్ దారి పొడవునా నాగరాణిని తిడుతూనే ఉన్నాడు. తోడుగా నేనూ పోయాను. డాక్టరు ఏం అడిగినా దొర మూలుగుతున్నాడు. ఆ మూలుగు ఫోనుకు అర్థం కాలేదు.

నాగరాణి వంగి చెవిలో అడిగింది. "దుఎలె మాస్ కే అయెర్?"

కళ్లు తెరిచాడు. "మేనోస్."

"నిన్నటికంటె తక్కువున్నదంట."

"తగ్గిందట గదా! ఇంకేంది, హైదరాబాద్ తీస్కపోదం. దారిల పండుకుంటడు" అన్నాడు భాస్కర్.

"జర ఆగు సారూ." ఆమె అంతటితో ఊరుకోలేదు. దొర బొడ్డు మీద చెయ్యి పెట్టి అడిగింది, కుడిపక్క పెట్టి అడిగింది, గోడ గడియారం చూపించి అడిగింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "నిన్న బొడ్డుకాడ ఉండెనంట. ఇయ్యాల ఈ పక్కకొచ్చింది. తెల్లారి నిన్నటికంటె శాన ఎక్కువుండె. గంట కింద ఒకటేసారి తగ్గిందంట."

డాక్టరు ముఖం మారిపోయింది. "ఒక్కసారిగానా? సరిగ్గా అడిగావా అమ్మా?"

"పులుసు అడిగినట్టే అడిగిన సారూ."

"అపెండిక్స్ లోపల పగిలినట్టుంది. అందుకే నొప్పి తగ్గింది. హైదరాబాద్ దాకా ఆగడు, ఇక్కడే ఆపరేషన్ చేసేయాలి" అంటూ డాక్టరు లేచాడు.

దొర బతికాడు. ఇంకో రెండు గంటలైతే దక్కేవాడు కాదని డాక్టరే చెప్పాడు. నాలుగు మాటలర్రా! పులుసు గిన్నెల దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలతో ఒక మనిషి ప్రాణం పట్టుకుని వెనక్కి లాగింది. ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టు వంటకు బియ్యం కడిగింది.

అయిదేళ్లకు ఆమె కడుపులోనే గడ్డ లేచింది. సూర్యాపేట పెద్ద దవాఖానలో పక్కన నేను కూర్చున్నాను. రోజూ పొద్దున అడిగేదాన్ని.

"నిన్నటికంటె ఎట్లున్నదే?"

"ఎక్కువున్నది పెద్దమ్మా" అనేది. ఒక్కోరోజు "ఇగ్వాల్" అనేది.

ఒకరోజు పొద్దున నన్ను చాలాసేపు చూసి, "మేనోస్" అంది.

ఒక్కసారిగా తగ్గడమంటే ఏమిటో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. తగ్గిందని నేను సంతోషపడలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా డాక్టరు కోసం పరుగెత్తాను.

నాగరాణి ఆ సాయంత్రమే చనిపోయింది. అప్పటికి వయసు యాభై రెండు.